అంగస్తంభన లోపం: పాపఫలమా, దేహధర్మమా?

సంభోగానికి చాలినంత స్తంభన రాకపోవడం, వచ్చినా నిలవకపోవడం అంగస్తంభన లోపం. అలసటలోనో దిగులులోనో ఎప్పుడో ఒకసారి ఇలా జరగడం ఏ మగవాడికైనా మామూలే. కనీసం మూడు నెలలపాటు పదేపదే జరుగుతుంటేనే వైద్యులు దాన్ని లోపంగా లెక్కిస్తారు. కోరిక తగ్గడం వేరు, శీఘ్రస్ఖలనం వేరు, సంతానం కలగకపోవడం వేరు. స్తంభన లేనివాడి వీర్యంలో కణాలు నిండుగా ఉండవచ్చు, స్తంభనలో ఏ లోటూ లేనివాడికి పిల్లలు కలగకపోవచ్చు. వాడుకలో మాత్రం ఇవన్నీ ఒక్క మాటలో కలిసిపోయాయి. మర్యాదగా చెప్పాలనుకుంటే ‘నరాల బలహీనత’ అంటారు, మొహాన కొట్టినట్టు చెప్పాలనుకుంటే ‘సంసారానికి పనికిరాడు’ అంటారు. మొదటి మాట జబ్బును దాస్తుంది. రెండోది మనిషినే చెత్తకుప్పలో వేస్తుంది.

రామగిరి ఖిల్లా చుట్టూ ఉన్న బొగ్గు ప్రాంతంలో, గోదావరిఖని నుంచి సెంటినరీ కాలనీ మీదుగా మంథని దాకా, ఈ రెండో మాటకు బలం ఎక్కువ. ఇక్కడ మగవాడి గౌరవం కండబలంతో ముడిపడి పెరిగింది. తట్ట మోసినవాడు, బొగ్గు నింపినవాడు, భూమి లోపల వందల అడుగుల లోతులో కప్పు కింద నిలబడి పనిచేసినవాడు మొనగాడు. యంత్రాలు వచ్చి తట్ట, బొగ్గు ఎత్తే చెమ్మస్ పోయినా ఆ కొలత పోలేదు. అలాంటిచోట పడక మీద శరీరం మాట వినకపోతే ఆ మనిషికి కలిగేది ఆరోగ్యం గురించిన అనుమానం కాదు, తన ఉనికి గురించిన భయం. వైద్యుడి దగ్గరకు పోయేముందే అతని మనసులో రెండు ప్రశ్నలు లేస్తాయి. నేను ఏ పాపం చేశాను? నేనింకా మగవాణ్నేనా? రెండూ ధర్మానికి, తత్వానికి చెందినవే. వాటికి జవాబు దొరికేదాకా మందుబిళ్ల చేతిలో పెట్టినా అతను మింగడు.

ముందు ఈ లోపం ఎంత సాధారణమో చూడాలి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1987-89 మధ్య 40 నుంచి 70 ఏళ్ల మగవారిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 1994లో వెలువడ్డాయి. వారిలో 52 శాతం మందికి ఎంతో కొంత లోపం ఉంది. 17 శాతానికి స్వల్పంగా, 25 శాతానికి ఒక మోస్తరుగా, 10 శాతానికి పూర్తిగా. పూర్తి లోపం 40 ఏళ్లవారిలో సుమారు 5 శాతం ఉంటే 70 ఏళ్లకు 15 శాతానికి చేరింది. 1995లో ప్రపంచం మొత్తం మీద 15 కోట్లమందికి పైగా ఈ లోపం ఉందని, 2025 నాటికి ఆ సంఖ్య 32 కోట్లు దాటుతుందని 1999లో పరిశోధకులు అంచనా కట్టారు. పేరు కూడా ఆ దశాబ్దంలోనే మారింది. ‘నపుంసకత్వం’ అనే అర్థం వచ్చే పాత మాట మనిషిని అవమానిస్తుందని, దాన్ని వదిలి ‘అంగస్తంభన లోపం’ అనే వాడాలని 1992లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు సూచించింది. పాత మాట మనిషికి తగిలించే ముద్ర, కొత్త మాట ఒక అవయవం పనితీరు గురించిన వివరం. తెలుగులో ఆ మార్పు పుస్తకాల్లోకి వచ్చింది గాని వాడకట్టులోకి ఇంకా రాలేదు.

నలభై దాటినవారిలో ఇద్దరిలో ఒకరికి ఎంతో కొంత ఉండేదాన్ని ఏ ఒక్కడి పాపానికో కట్టడం కష్టం. అయినా కడుతూనే ఉన్నారు. ఏ జన్మలో ఏ తప్పు చేస్తే ఈ జన్మలో ఏ రోగం వస్తుందో పట్టీ రాసిన కర్మవిపాక గ్రంథాలు మన సంప్రదాయంలో ఉన్నాయి. జాతకం చూపిస్తే దోషం బయటపడుతుంది, ఇంకొకరిని అడిగితే ఎవరో మందు పెట్టారనో చేతబడి చేశారనో తేలుతుంది. శాపకథలు ఈ నమ్మకానికి ఊతం. వాటిలో అందరికీ తెలిసినవి రెండూ మహాభారతంలోవే, రెండింటినీ జనం తలకిందులుగా గుర్తుపెట్టుకున్నారు.

మొదటిది పాండురాజు కథ. లేడి రూపంలో భార్యతో కూడి ఉన్న కిందముడనే మునిని బాణంతో కొట్టి, స్త్రీని కలిసిన క్షణమే చస్తావన్న శాపం తెచ్చుకున్నాడు. ఇది అశక్తత కథ కాదు. శక్తి ఉండీ వాడుకోలేని నిర్బంధం కథ. కథలో అసలు గమనించవలసింది ఆ తర్వాత జరిగింది. కుంతి మంత్రబలంతో, దేవతల వరంతో ఐదుగురు పుట్టారు. వాళ్ల పేరు మాత్రం పాండవులే. బీజం ఎవరిదైనా తండ్రితనం పాండురాజుదేనని ఇతిహాసం ఏ తడబాటూ లేకుండా ఒప్పుకుంది. పిల్లలు లేని దంపతుల్ని చూపుడువేళ్లతో పొడిచే వీధి, తాను రోజూ పలికే ఈ పేరు అర్థాన్ని ఒక్కసారి ఆలోచించుకోవాలి.

రెండోది అర్జునుడిది. ఊర్వశిని కాదన్నందుకు వచ్చిన శాపాన్ని అతను అజ్ఞాతవాసంలో ఒక ఏడాది బృహన్నలగా గడిపి తీర్చుకున్నాడు. విరాటుడి కొలువులో ఉత్తరకు ఆటపాట నేర్పాడు. ఆ ఏడాది చివరనే ఉత్తర గోగ్రహణం జరిగింది. భీష్మద్రోణులున్న కౌరవసేనను ఒంటిరథంతో తరిమింది ఆ బృహన్నలే. వానలు పడకపోతే విరాటపర్వం పారాయణ చేయించే తెలుగు ఊళ్లకు ఈ ఘట్టం కంఠతా వచ్చు. శౌర్యం వేరు, స్తంభన వేరు అని ఇంతకంటే స్పష్టంగా చెప్పిన కథ మరొకటి దొరకదు. కొద్దికాలానికే, యుద్ధభూమిలో విల్లు జారవిడిచి కూలబడిన అదే అర్జునుణ్ని కృష్ణుడు గీత రెండో అధ్యాయంలో ‘క్లైబ్యం’, అంటే నపుంసకత్వం, వద్దని హెచ్చరించాడు. ఆ మాటను అతను బృహన్నలగా ఉన్న ఏడాదిలో కృష్ణుడు అతని మీద విసరలేదు. శరీరం పూర్తిగా బాగుండి గుండె నీరుగారినప్పుడు విసిరాడు. గీత లెక్కలో క్లైబ్యం హృదయ దౌర్బల్యం. దాన్ని తెచ్చి ఒక అవయవానికి అతికించడం గీతను చిన్నబుచ్చడమే.

‘పురుషుడు’ అనే మాటదీ అదే పరిస్థితి. పురంలో, అంటే ఈ దేహంలో, శయనించి ఉన్నవాడు పురుషుడని ఉపనిషత్తు వ్యుత్పత్తి చెప్పింది. సాంఖ్యులకు పురుషుడు కేవలం సాక్షి, చూసే చైతన్యం. చేసేదీ కదిలేదీ ప్రకృతి. స్త్రీ దేహంలోనూ ఉన్నది ఆ పురుషుడే. ధర్మార్థకామమోక్షాల్ని పురుషార్థాలు అన్నప్పుడు కూడా మనిషి సాధించవలసినవి అనే అర్థమే గాని మగవాడి సొత్తు అని కాదు. ఇంత విశాలమైన మాట కాలక్రమంలో కుంచించుకుపోయి మొగతనానికి పర్యాయపదమైంది. శాస్త్ర పరిభాషలో చూస్తే స్తంభన కోల్పోయినవాడి పురుషత్వానికి లోటేమీ లేదు. లోటు వచ్చింది ప్రకృతిలో, అంటే రక్తనాళాల్లో, నరాల్లో, మనసులో. మనసు కూడా ప్రకృతేనని సాంఖ్యం చెబుతుంది గనుక ఇందులో మానసిక కారణాలకూ చోటుంది.

ఆయుర్వేదం ఈ దారిలోనే నడిచింది. చరకసంహిత క్లైబ్యాన్ని నాలుగు రకాలుగా విభజించింది. బీజం దెబ్బతినడం వల్ల వచ్చేది, అంగమే దెబ్బతినడం వల్ల వచ్చేది, ముసలితనం వల్ల వచ్చేది, శుక్రం క్షీణించడం వల్ల వచ్చేది. సుశ్రుతసంహిత ఆరు రకాలు చెబుతూ మనసు వల్ల కలిగేదాన్ని ఒక రకంగా, మర్మస్థానాలు తెగడం వల్ల కలిగేదాన్ని మరో రకంగా లెక్కించింది. ఈ విభజనలో ఆహారం ఉంది, గాయం ఉంది, వయసు ఉంది, దిగులు ఉంది. ఆయుర్వేదపు ఎనిమిది అంగాల్లో లైంగిక శక్తిని పెంచే వాజీకరణం ఒకటి కావడాన్ని బట్టి, ఈ బాధను వైద్యుడి ముందు చెప్పుకోవడం ఆనాటివారికి తప్పుగా తోచలేదని అర్థమవుతుంది.

మరి కర్మ మాటేమిటి? ఈ ప్రశ్నను చరకుడు తప్పించుకోలేదు. తన సంహితలోని విమానస్థానంలో, మనుషుల ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా అన్న చర్చ వస్తుంది. అంతా ముందే నిర్ణయమై ఉంటే మందులు, మంత్రాలు, పథ్యాలు దేనికి, ఎదురుగా వస్తున్న మదపుటేనుగు నుంచి పక్కకు తప్పుకోవడం దేనికి అన్నది అక్కడి వాదం. దైవం ఉంది, పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం, ఉంది. రెండూ తూగుతాయి, ఒకటి బలహీనమైతే రెండోది దాన్ని గెలుస్తుంది. పూర్వజన్మ కర్మను నమ్మేవాడు కూడా చికిత్సను మానుకోవడానికి ఆ నమ్మకాన్ని సాకు చేసుకోరాదని దీని అర్థం. పాపం చేశాను కాబట్టి అనుభవిస్తానంటూ షుగర్ పరీక్ష కూడా చేయించుకోకుండా కూర్చున్నవాడు కర్మసిద్ధాంతాన్ని పాటిస్తున్నాననుకుంటాడు. నిజానికి అతను దానిలో సగాన్ని వదిలేశాడు.

దేహంలో జరిగేది ఇది. కోరిక కలిగినప్పుడు మెదడు నుంచి సంకేతం వెన్నుపాము దిగి, త్రికాస్థి దగ్గర బయలుదేరే నరాల గుండా అంగానికి చేరుతుంది. అక్కడ నరాల కొసలూ రక్తనాళాల లోపలి పొరా నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. దాని ప్రభావంతో నాళాల కండరాలు సడలి, స్పంజిలాంటి కణజాలంలోకి రక్తం నిండుతుంది. నిండిన కణజాలం ఉబ్బి సిరల్ని నొక్కిపట్టడంతో ఆ రక్తం వెనక్కి పోదు. ఈ వాయువు దేహంలో సంకేతవాహకంగా పనిచేస్తుందని కనిపెట్టిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. స్తంభన బలవంతాన తెచ్చుకునేది కాదు, సడలింపు వల్ల వచ్చేది. భయపడినప్పుడు, పరీక్షకు నిలబడ్డట్టు బిగుసుకుపోయినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ నాళాల్ని బిగించేస్తుంది. ఒకసారి విఫలమైన మగవాడు రెండోసారి తనను తానే కాపలా కాయడం మొదలుపెడితే మూడోసారి కూడా విఫలమవుతాడు.

అంగానికి రక్తం తెచ్చే ధమనుల వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండెకు తెచ్చేవి 3 నుంచి 4. నాళాల్లో కొవ్వు పేరుకోవడం, లోపలి పొర చెడిపోవడం ఒళ్లంతా ఒకేసారి జరిగినా, సన్నటి గొట్టం ముందు పూడుతుంది. అందుకే స్తంభన లోపం గుండెజబ్బు లక్షణాల కంటే సగటున రెండు మూడేళ్లు, ఒక్కోసారి ఐదేళ్లు ముందుగా కనిపిస్తుంది. దీన్ని బొగ్గుబాయి మనిషికి విడమరచి చెప్పనక్కర్లేదు. షిఫ్ట్ మొదలయ్యేముందు మైనింగ్ సర్దార్ కర్రతో గని కప్పును తట్టి చెవి పెట్టి వింటాడు. గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిన బండ బోలుగా, డప్పు మీద కొట్టినట్టు మోగుతుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. బోలు శబ్దం వినిపించిన చోట నిలబడి, ఇది నా తలరాత అనుకునే కార్మికుడు ఎవడూ లేడు. కప్పుకు ఆసరాగా దిమ్మె పెట్టిస్తాడు, బోల్టు కొట్టిస్తాడు, లేదంటే పక్కకు జరుగుతాడు. నలభైల్లో ఉన్న మగవాడికి మొదటిసారి స్తంభన తగ్గడం ఆ బోలు శబ్దం లాంటిది. సిగ్గుతో దాన్ని దాచుకుని, మూడేళ్లకు గుండె పట్టుకుని కూలిపోవడమే ఈ విషయంలో జరిగే అతిపెద్ద నష్టం.

కారణాల్లో షుగర్‌ది మొదటి స్థానం. అది నాళాన్నీ నరాన్నీ రెండింటినీ తింటుంది. షుగర్ ఉన్న మగవారిలో సగానికి పైగా ఈ లోపానికి గురవుతారు. దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉన్నట్టు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. బీపీ, కొలెస్టరాల్, పొట్ట చుట్టూ కొవ్వు, కదలిక లేని బతుకు ఆ తర్వాతివి. బొగ్గు ప్రాంతానికి ప్రత్యేకమైనవీ కొన్ని ఉన్నాయి. భూగర్భంలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోవడం నిషేధం. దిగేముందు జేబులు తడిమి చూస్తారు. పొగ మానలేనివాడు ఎనిమిది గంటలు తంబాకు, ఖైనీ దవడలో పెట్టుకుంటాడు. పొగ లేకపోయినా నికోటిన్ నికోటినే, నాళాన్ని అది అలాగే బిగిస్తుంది. డ్యూటీ దిగాక ఒళ్లునొప్పులకు పడే సారా, మద్యం కొంతసేపు కోరికను రేపినా ఏళ్ల తరబడి నరాల్ని చంపుతాయి. నైట్ షిఫ్ట్ మరో సంగతి. టెస్టోస్టిరాన్ పెరిగేది నిద్రలో. ఆరోగ్యవంతుడికి రాత్రి నిద్రలో మూడు నుంచి ఐదుసార్లు దానంతటదే స్తంభన వస్తుంది, అంగం కణజాలానికి ప్రాణవాయువు బాగా అందేది అప్పుడే. క్వార్టర్ కిటికీకి దుప్పటి కట్టుకుని, పిల్లల అల్లరి మధ్య పగలు తీసే కునుకు ఆ నిద్రకు సాటి రాదు. వారం వారం షిఫ్ట్ మారే భర్త, తెల్లవారుజామున లేచే భార్య ఒకే మంచం మీద మెలకువగా ఉండే గంటలే తక్కువ. ఇక కప్పు కూలో, బండ పడో వెన్ను విరిగినవారిలో లోపం నేరుగా నరాలది. సుశ్రుతుడు చెప్పిన మర్మాఘాతం ఇక్కడ అక్షరాలా నిజం.

కొన్నిరకాల బీపీ మాత్రలు, మానసిక కుంగుబాటుకు వాడే మందులు, ప్రొస్టేట్ ఆపరేషన్లు కూడా లోపాన్ని తెస్తాయి. మందు వల్లేనని అనుమానం వస్తే వైద్యుడికి చెప్పి మార్పించుకోవాలి తప్ప సొంతంగా మానేయకూడదు. నిద్రలోనూ తెల్లవారుజామునా స్తంభన బాగుండి భార్య దగ్గరే రాకపోతే కారణం ఎక్కువగా మనసులో ఉన్నట్టు, అప్పుడు కూడా లేకపోతే శరీరంలో ఉన్నట్టు వైద్యులు అంచనా వేస్తారు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

కారణం కాకపోయినా కారణంగా ప్రచారమైనది ఒకటుంది: వీర్యనష్టం. రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ వరుసగా పాకమై చివరికి శుక్రమవుతుందని ఆయుర్వేదం చెప్పిన సప్తధాతు క్రమాన్ని జనం తమకు తోచినట్టు లెక్కగట్టి, ఇన్ని రక్తపు బొట్లకు ఒక వీర్యపు బొట్టు అన్నారు. చిన్నప్పటి హస్తప్రయోగమో స్వప్నస్ఖలనమో తనను పిండేసిందని నమ్మే యువకుడు పెళ్లినాటికే ఓడిపోయి ఉంటాడు. ఈ భయం మన దేశంలో ఎంత విస్తారమంటే దానికి 1960లో మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరే పెట్టారు. తెలుగులో దాన్ని వదిలించడానికి అందరికంటే ఎక్కువ పాటుపడినవారు విజయవాడ వైద్యుడు డాక్టర్ జి. సమరం. నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడైన ఆయన స్వాతి వారపత్రికలో ఏళ్ల తరబడి పాఠకుల ప్రశ్నలకు పేరూ ఊరూ బయటపడకుండా జవాబులిచ్చారు. బ్రహ్మచర్యం గొప్పదే, అయితే అది ఎంచుకున్నవాడి వ్రతం. చేతకానితనం దానంతటదే వైరాగ్యం కాదు. ఇంద్రియాల్ని బిగబట్టి మనసులో విషయాల్నే తలుచుకునేవాణ్ని గీత మూడో అధ్యాయం మిథ్యాచారి అంది. ‘నాకిప్పుడు దైవచింతన తప్ప వేరే ధ్యాస లేదు’ అని భార్యకు చెప్పి మాల వేసుకున్నవాడు తన మనసును తానే అడిగి చూసుకోవాలి, అది వ్రతమా, దాపరికమా అని.

ఈ మొత్తం వ్యవహారంలో తక్కువగా వినిపించేది భార్య గొంతు. పిల్లలు కాకపోతే మొదట గొడ్రాలనేది ఆమెనే. గుళ్ల చుట్టూ తిరిగేది, పరీక్షలకు ముందు పోయేది, మొక్కులు మొక్కేది ఆమే. భర్తకు లోపమని తెలిసినా నోరు విప్పదు. ధర్మశాస్త్రాలు ఆమెను ఇంతగా మరచిపోలేదు. నారదస్మృతి అశక్తుల్ని పద్నాలుగు రకాలుగా చెప్పి, వరుణ్ని పెళ్లికి ముందే పరీక్షించమంది. ఆ జాబితాలో పుట్టుకతో వచ్చినవారితోపాటు బెదురు వల్ల విఫలమయ్యేవాడు, భార్య దగ్గర తప్ప ఇతరచోట్ల సమర్థుడైనవాడు కూడా ఉన్నారు. ఈనాటి మనోవైద్యుడికి రోజూ ఎదురయ్యే మనుషులే వీళ్లు. గురుశాపం, దైవకోపం, రోగం ఈ మూడింటివల్ల వచ్చినదానికి ఒక ఏడాది ఆగి చూడమని ఆ స్మృతి చెప్పింది. శాపాన్ని నమ్మిన కాలమే శాపాన్నీ రోగాన్నీ ఒకే గాటన కట్టి, తగ్గుతుందేమో చూడమని గడువిచ్చిందన్నది గమనించాలి.

భర్త జాడ లేకపోయినా, చనిపోయినా, సన్యసించినా, క్లీబుడైనా, పతితుడైనా స్త్రీకి మరో పెళ్లి చేయవచ్చనే శ్లోకం నారద, పరాశర స్మృతులు రెండింటిలోనూ ఉంది. పరాశరస్మృతిలోని ఆ శ్లోకాన్నే ఆధారం చేసుకుని 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ వితంతు వివాహాల కోసం వాదించారు. ఆ వాదమే తెలుగునేల మీదికి వచ్చి, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం చేయించిన మొదటి వితంతు వివాహానికి దారితీసింది. చనిపోయిన భర్త గురించిన సగాన్ని సంస్కర్తలు గెలిపించారు. క్లీబుడైన భర్త గురించిన మాట అదే శ్లోకంలో ఉన్నా దాన్ని పైకి ఎత్తినవారు తక్కువ.

బొగ్గు కాలనీల్లో గుడి, మసీదు, చర్చి పక్కపక్కనే ఉంటాయి గనుక మిగతా రెండు ధర్మాల తీర్పూ తెలుసుకోవాలి. ఇస్లామీయ న్యాయశాస్త్రంలో భార్య ఖాజీకి మొర పెట్టుకుంటే భర్తకు ఏడాది గడువిస్తారు. లోపం వేడివల్లో, చలివల్లో, తేమవల్లో, పొడివల్లో వచ్చి ఉంటే నాలుగు రుతువులూ తిరిగేసరికి తేలిపోతుందని హనఫీ పండితులు కారణం చెప్పారు. భారతదేశంలో 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కూడా భర్త కోరితే ఆ ఏడాదిని ఇస్తుంది. నారదుడి ఏడాదీ ఈ ఏడాదీ ఎవరి దగ్గర ఎవరూ నేర్చుకోకుండానే కలిశాయనిపిస్తుంది. కథోలిక ధర్మసూత్రం పెళ్లికి ముందునుంచీ ఉండి, ఎప్పటికీ తగ్గని అశక్తత ఉంటేనే వివాహం చెల్లదంటుంది, సంతానం కలగకపోవడం దానికి కారణం కాదని విడిగా చెబుతుంది. బైబిల్ పాత నిబంధనలో యెషయా గ్రంథం నపుంసకులకు కొడుకులు కూతుళ్లకంటే శ్రేష్ఠమైన పేరును వాగ్దానం చేసింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, భర్త అశక్తత వల్ల దాంపత్యం జరగకపోతే ఆ పెళ్లిని రద్దు చేయమని భార్య కోర్టును అడగవచ్చు. ఈ తీర్పుల్లో ఏదీ ఈ లోపాన్ని నేరంగా చూడలేదు. తప్పు ఉన్నది దాచిపెట్టి పెళ్లి చేసుకోవడంలో, ఒక ఆడమనిషి బతుకును ఆ దాపరికంలో మూసేయడంలో.

చికిత్స పరీక్షలతో మొదలవుతుంది. రక్తంలో చక్కెర, కొలెస్టరాల్, బీపీ, అవసరమైతే ఉదయం పూట టెస్టోస్టిరాన్, గుండె పరీక్ష. తంబాకు మానడం, బరువు తగ్గడం, రోజూ నడక, షుగర్ అదుపు. వీటితోనే కొందరికి గుణం కనిపిస్తుంది. మనసులో బెదురు ఉన్నవారికి మాటలతో చేసే చికిత్స, దంపతులిద్దర్నీ కూర్చోబెట్టి చేసేది, బాగా పనిచేస్తుంది. టెస్టోస్టిరాన్ నిజంగా తక్కువ ఉన్నవారికే ఆ హార్మోన్ ఇవ్వాలి.

మాత్రల కథ ఒక బొగ్గు ఊరిని తాకుతూ వెళ్తుంది. సిల్డెనాఫిల్‌ను ఫైజర్ కంపెనీ ఇంగ్లండులో గుండెనొప్పి కోసం తయారుచేసింది. 1990ల తొలినాళ్లలో దాన్ని ప్రయోగించి చూసిన చోట్లలో వేల్స్‌లోని మెర్తిర్ టిడ్‌ఫిల్ ఒకటి. ఇనుము మీద, బొగ్గు మీద బతికి, గనులు మూతపడి చితికిన ఊరు అది. గుండెనొప్పికి మందు పెద్దగా పనిచేయలేదు గాని స్తంభనలు వస్తున్నాయని ప్రయోగంలో పాల్గొన్న మగవాళ్లు చెప్పారు. సిగ్గుపడి వాళ్లు ఆ మాట దాచి ఉంటే మందు అక్కడే ఆగిపోయేది. 1998 మార్చి 27న అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. నైట్రిక్ ఆక్సైడ్ మొదలుపెట్టిన సడలింపును త్వరగా ముగించే ఎంజైమును అది అడ్డుకుంటుంది. కోరికను అది పుట్టించదు. కోరిక, స్పర్శ ఉంటేనే పనిచేస్తుంది. కలయికకు గంట ముందు వేసుకోవాలి, కొవ్వు తిండి తింటే ఆలస్యమవుతుంది. తడలాఫిల్ ప్రభావం ఒకటిన్నర రోజు దాకా ఉంటుంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర వాడేవారు మాత్రం వీటిని ముట్టకూడదు, రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణం పోయేంతగా పడిపోతుంది. నాలుగు గంటలు దాటినా స్తంభన తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి పోవాలి. మాత్రలు పనిచేయనివారికి, వెన్ను విరిగినవారికి గాలి పీల్చే గొట్టపు పరికరం, అంగంలోకి ఇచ్చే ఇంజెక్షన్, చివరిగా శస్త్రచికిత్సతో అమర్చే ఇంప్లాంట్ ఉన్నాయి.

ఈ మాత్రలు వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలి. సిగ్గు మాత్రం చీటీ లేని చోటుకే దారి చూపిస్తుంది. బస్టాండు గోడ మీది కాగితాలు, ఊరూరా తిరిగే డేరాలు, ‘మూడు రోజుల్లో గుణం’ అనే మాటలు, వీటి బతుకంతా ఆ సిగ్గు మీదే. లైంగిక అశక్తతకు మందు ఉందని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి ఔషధాలు, అద్భుత చికిత్సల చట్టమే నిషేధించింది. పూర్తిగా మూలికలేనని చెప్పి అమ్మే పొడుల్లో సిల్డెనాఫిల్ కలిపి ఉన్నట్టు ప్రయోగశాలల్లో ఎన్నోసార్లు బయటపడింది. అదీ ఏ మోతాదులో ఉందో తినేవాడికి తెలియదు. గుండెజబ్బున్నవాడికి అది విషంతో సమానం.

రామగిరి గుట్టలకు ఔషధ మొక్కల నిలయమని పాతకాలం నుంచి పేరుంది, శ్రావణమాసంలో కొండెక్కేవారు రాముడి దర్శనంతోపాటు వాటినీ చూసుకుంటూ నడుస్తారు. పల్లేరు, దూలగొండి, అశ్వగంధ, పిల్లిపీచర వంటివి వాజీకరణ యోగాల్లో చెప్పినవే. అశ్వగంధ దిగులును, నిద్రలేమిని కొంత తగ్గిస్తుందని అధ్యయనాలు చూపాయి. ఆ మేరకు మేలు జరగవచ్చు. పూడిన ధమనిని తెరిచే ఆకు మాత్రం ఏ గుట్ట మీదా లేదు. చదువుకున్న ఆయుర్వేద వైద్యుడు కూడా ముందు ప్రమేహం, అంటే షుగర్ లాంటి జబ్బు, ఉందేమో చూస్తాడు, తర్వాతే వాజీకరణం మాట ఎత్తుతాడు.

మిగిలిన ప్రశ్న వయసుది. చరకుడు జరను ఒక కారణంగా లెక్కించాడు, ఆశ్రమధర్మం ఆ వయసులో వానప్రస్థం చెప్పింది. అరవై దాటినవాడు మందు వేసుకోవడం అధర్మమా? సంప్రదాయం కామాన్ని పురుషార్థాల్లోనే నిలిపింది. ధర్మానికి విరుద్ధం కాని కామం తానేనని గీతలో కృష్ణుడన్నాడు. ఫాల్గుణ పౌర్ణమిని తెలంగాణలో కాముని పున్నమి అంటారు. శివుడి మూడో కంటి మంటకు మన్మథుడు బూడిదయ్యాడని పిల్లలు వాడకట్టు నడుమ కట్టెలు పేర్చి కాముణ్ని కాలుస్తారు. కథ అక్కడ ముగియదు. రతి ఏడ్చింది, కాముడు బతికాడు, అయితే ఒళ్లు లేకుండా, అనంగుడై. కోరిక దేహంలోని ఒక అంగానికి బందీ కాదని ఆ పేరే చెబుతోంది. పక్కన పడుకుని మాట్లాడుకోవడం, చెయ్యి పట్టుకోవడం, నొప్పి ఉన్న నడుముకు నూనె రాయడం అనంగుడి రాజ్యంలోవే. స్తంభన పోయినరోజు నుంచి భార్యను తాకడమే మానేసి, మంచం వరండాలోకి మార్చుకున్న మగవాడు ఆమె దగ్గర నుంచి తీసేసుకున్నది ఒక్క కలయికను కాదు.

కొందరు దంపతులు ఇద్దరూ మాట్లాడుకుని ఇక చాలనుకుంటారు. అది వాళ్లు ఎంచుకున్న విరక్తి గనుక దానికి మందు అక్కర్లేదు. ఒకరికి చాలు, ఇంకొకరికి చాలదు అయితే వైద్యుడి దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లడం మంచిది. ఏ నిర్ణయం తీసుకున్నా షుగర్, బీపీ, గుండె పరీక్షలు మాత్రం చేయించుకోవలసిందే.